తొక్కు డబ్బాలో పెట్రోల్ పైసలు

మా దిక్కున సర్వేయర్ అంటే భూమి కొలిచేవాడు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. మీరు ఊళ్లో దిగి సర్వేయర్‌నని చెప్పగానే ఎవరో ఒక పెద్దమనిషి పాసుబుక్కు పట్టుకుని వస్తాడు. గట్టు జరిపిన దాయాదిని నాలుగు తిట్లు తిట్టి, గొలుసు ఎక్కడ పెట్టావని మిమ్మల్ని అడుగుతాడు. అయ్యా, నేను భూములు కొలవను, గుద్దుకున్న కార్లు చూసి ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు రాస్తాను అని చెబితే, ఎందుకూ పనికిరానివాడు వచ్చాడని ముఖం తిప్పుకుంటాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా నా బతుకంతా ఇలా పనికిరానివాడిగానే గడిచింది.

నేను ఏ కంపెనీలోనూ నౌకరును కాను. లైసెన్సు నాది. కంపెనీ ఫోన్ చేస్తే పోయి బండి చూడాలి, నడిపినవాడి మాట వినాలి, చూసింది రాయాలి, ఫీజు ఎప్పుడిస్తారా అని ఎదురుచూడాలి. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లు ఈ మధ్య నాకు ఫోన్ చేసి, డోరుకు తరుగుదల ఎంత వేయాలి, బంపర్ మార్చాలా అతికించాలా అని అడుగుతున్నారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. పుస్తకాల్లో లేనివి కొన్ని ఉన్నాయి. అవి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏసీ పోతుంది

పెట్రోల్ ధర పెరిగితే మనిషి కారును ఒక్కసారే వదలడు. ఒక్కో అలవాటు వదులుకుంటూ పోతాడు. అన్నింటికంటే ముందు ఏసీ బందవుతుంది. పెట్రోల్ తాగుతుందని బంద్ చేశానని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. "నాకు ఏసీ పడదు సార్, సైనస్" అంటారు. మా మూడు జిల్లాల్లో పెట్రోల్ వంద దాటిన ఏడు ఎంతమందికి ఒకేసారి సైనస్ వచ్చిందో! అంత పెద్ద రోగాన్ని ఏ డాక్టరూ పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

ఆ తర్వాత వేగం తగ్గుతుంది. నలభై మీద పోతే మైలేజీ వస్తుందని ఎవడో చెబుతాడు. ఇక వెనక లారీ హారన్ కొట్టి కొట్టి గొంతు పోగొట్టుకున్నా మనవాడు నలభై దాటడు. తర్వాత రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపడం, దిగుడు వస్తే న్యూట్రల్‌లో వేయడం. అదీ చాలకపోతే కారును ఇంటి ముందు పెట్టి గుడ్డ కప్పి, దాని పక్కనుంచే మోపెడ్ మీద బజారుకు పోవడం. చివరికి నలుగురు కలిసి ఒక కారులో పోవడం. ఈ మెట్లన్నీ నేను నా కళ్లతో చూశాను. మెట్టు మారినప్పుడల్లా యాక్సిడెంటు మారేది, దాంతోపాటు నాకు చెప్పే అబద్ధమూ మారేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మనకైతే వినడానికే ఫీజు ఇస్తారు కాబట్టి ఓపిగ్గా వినండి.

జేబులో తాళంచెవి

గద్వాలలో వీరప్ప అని చీరల వ్యాపారి ఉండేవాడు. పెట్రోల్ విషయంలో ఆయనంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. సరిహద్దు దాటితే కర్ణాటకలో పెట్రోల్ కొంచెం అగ్గువ అని వారానికోసారి రాయచూరు దాకా పోయి ట్యాంకు నింపుకొచ్చేవాడు. పోయిరావడానికి అయ్యే పెట్రోల్ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఆయనకు కోపం వచ్చేది. ఆ దారిలో తాగే కాఫీ బాగుంటుందనేవాడు.

ఒకసారి ఆలుమగలిద్దరూ శ్రీశైలం పోయి వస్తున్నారు. ఘాట్ దిగేటప్పుడు కారు మలుపు తిరగకుండా నేరుగా పోయి కొండరాయికి గుద్దుకుంది. లోయ పక్కన కాకుండా కొండ పక్కన గుద్దినందుకు మల్లన్నకు దండం పెట్టాలి. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. బ్రేక్ ఫెయిలైందని వీరప్ప క్లెయిమ్ పెట్టాడు.

షెడ్డులో ఆ కారెక్కి నేను బ్రేకు తొక్కి చూశాను. నా కారు బ్రేకు కంటే బాగుంది. స్టీరింగ్ కూడా బాగానే ఉంది. వాళ్ల ఇంటికి పోయి, ఘాట్‌లో ఇంజన్ నడుస్తుందా ఆగి ఉందా అని అడిగాను. వీరప్ప బ్రేకుల కంపెనీని తిట్టడం మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా లోపలి నుంచి ఆయన భార్య చాటలో బియ్యంతో వచ్చి అరుగు మీద కూర్చుంది.

"తాళం ఆయన అంగి జేబుల ఉండె సార్," అంది. "ఇంజన్ బంద్ జేస్తే పెట్రోల్ మిగులుతదన్నడు. తాళం గుంజితే బ్యాటరీ గూడ మిగులుతదని అది గూడ గుంజిండు."

ఇంజన్ ఆగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. తాళంచెవి తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఈ రెండూ దిగుడులో ఒకేసారి జరిగితే ఏమవుతుందో వీరప్ప మనకందరికీ ఖర్చు పెట్టి చూపించాడు. నేను ఉన్నదున్నట్టు రాశాను. కంపెనీ కొంత కోసి ఇచ్చింది. మూర్ఖత్వానికి అసలు ఇన్సూరెన్స్ ఇవ్వకూడదని మొదట్లో నేనూ అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, అలా మొదలుపెడితే ఏ కంపెనీకీ గిరాకీ ఉండదు.

ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. నడిపినవాణ్ని అడగండి, కానీ పక్కన కూర్చున్నవాళ్లు నోరు తెరిచేదాకా లేవకండి.

అమరచింత కారు

అమరచింతలో నారాయణ అని ఎరువుల దుకాణం ఆయన. పెట్రోల్ ఇంకా మన మాట వినే రోజుల్లో పెద్ద కారు కొన్నాడు. ధర పెరిగాక దానికి గుడ్డ కప్పాడు. నేను చూడటానికి పోయినప్పుడు బానెట్ మీద పల్లికాయ ఎండబోసి ఉంది. టైరుకు కట్టిన తాడుకు మేకపిల్ల ఉంది. ప్రతి అమావాస్యకు టైర్ల కింద నిమ్మకాయలు పెడతారట. తిరగని టైరు కింద నిమ్మకాయ ఏం చేస్తుందో పాపం, అక్కడే ఎండిపోయి ఉన్నాయి.

క్లెయిమ్ ఏమిటంటే, నిలబెట్టిన చోటే బండికి యాక్సిడెంటు జరిగింది. గుడ్డ తీసి చూస్తే లోపల వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. సీట్లో దూది తీసి పిల్లలు పెట్టుకున్నాయి. ఆ కారును పూర్తిగా వాడుకున్నది ఆ ఎలుకలే. ఎలుకలు కొరికితే మీ పాలసీలో రాదని చెబితే నారాయణకు నచ్చలేదు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టుంది మీ సంగతి, నడపనప్పుడు అమ్మేయరాదా అని అడిగాను. ఆయన దుకాణం దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మితే పెట్రోల్ పోస్తలేడని ఊరంత తెలుస్తది సార్," అన్నాడు.

కారు ఉండటం వేరు, కారులో పోవడం వేరు. మా దిక్కున మొదటిది పరువు, రెండోది ఖర్చు. ఈ తేడా తెలియని సర్వేయర్ పెద్ద ఊళ్లలో పనికొస్తాడేమో గానీ అమరచింతలో పనికిరాడు.

ఉప్పునుంతల బండి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికే మిగతావన్నీ రాశాను.

కల్వకుర్తి నుంచి ఉప్పునుంతలకు పొద్దున ఒక బస్సు ఉండేది. ఎప్పుడు వస్తుందో ఆ బస్సుకే తెలిసేది కాదు. యాదగిరి అనే కుర్రాడు కల్వకుర్తిలో ఉంటూ ఉప్పునుంతల దవాఖానలో కాంట్రాక్టు ఫార్మసిస్టుగా చేసేవాడు. బస్సు దయ వల్ల అనేకసార్లు ఆలస్యంగా చేరాడు. ఇక ఆలస్యమైతే వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదని పైవాళ్లు చెప్పారు. దాంతో అప్పు చేసి ఒక పాత కారు కొన్నాడు. ఆయన కొనడం కోసమే ఆగినట్టు, కొన్న కొద్ది నెలలకే పెట్రోల్ పైకి పాకింది. ఒక్కడే పోతే జీతంలో సగం ట్యాంకులోకే పోయేది.

అదే దారిన రోజూ పోయేవాళ్లు ఇంకో నలుగురున్నారు. అదే దవాఖానలో నర్సు మరియమ్మ, బడిపంతులు శ్రీశైలం, ఒక పంచాయతీ కార్యదర్శి, ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజరమ్మ. ఐదుగురూ కలిసి ఒక్క కారులో పోవడం మొదలుపెట్టారు. డబ్బులు నేరుగా చేతిలో పెట్టడం ఎవరికీ బాగనిపించలేదు. అందుకని మరియమ్మ ఇంటి నుంచి ఖాళీ అయిన మామిడికాయ తొక్కు డబ్బా ఒకటి తెచ్చి డ్యాష్‌బోర్డు అరలో పెట్టింది. ఎక్కినవాళ్లు తమ వంతు అందులో వేయాలి. ట్యాంకు తగ్గినప్పుడు బంకు దగ్గర డబ్బా బోర్లిస్తారు. ఎంతుంటే అంతకు పెట్రోల్. ఆమె డబ్బాను ఎన్నిసార్లు కడిగిందో గానీ ఆ నోట్లకు తొక్కు వాసన పోలేదు. బంకులో పనిచేసేవాళ్లు ఆ కారును తొక్కు బండి అనేవాళ్లు.

ఒకరోజు పొద్దున అడవిపంది రోడ్డు దాటింది. దాన్ని తప్పించబోయి యాదగిరి కారును కల్వర్టుకు కొట్టాడు. పంది క్షేమంగా పోయింది. కారు ముందు భాగం నుజ్జయింది. మరియమ్మ చెయ్యి విరిగింది, మిగిలినవాళ్లకు గీరుకుపోయిన దెబ్బలు. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బండి బాగవుతుందని యాదగిరి ధైర్యంగా ఉన్నాడు. ఆయనకు ప్రభాకర్ సార్ సంగతి తెలియదు.

ప్రభాకర్ సార్ మహబూబ్‌నగర్‌లో కంపెనీ క్లెయిములు చూసే మేనేజరు. చెడ్డవాడు కాదు. ఏ క్లెయిమైనా ఇవ్వకుండా ఉండటానికి కారణం వెతకడం చెడ్డతనం కాదు, చదువు అని ఆయన నమ్మకం. కారులో ఐదుగురున్నారని, వాళ్లు చుట్టాలు కాదని తెలియగానే నాకు ఫోన్ చేశాడు. నా పేరు పర్వతాలు. ఇది సొంత వాడకానికి తీసుకున్న పాలసీ, కిరాయికి తిప్పితే చెల్లదు కదా పర్వతాలు గారూ, మీరు ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడగండి, డబ్బులిచ్చారా అని, ఒక్కరు అవునన్నా చాలు, ఫైలు మూసేద్దాం అన్నాడు. ఆ ప్రశ్న మీద ఆయనకు చాలా మురిపెం. తను కనిపెట్టిందట.

కల్వకుర్తి షెడ్డులో కారు చూశాను. అర తెరిస్తే తొక్కు వాసన గుప్పుమంది. డబ్బా పగిలి నోట్లు, చిల్లర చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇదేమిటని యాదగిరిని అడిగాను. మధ్యాహ్నం అన్నంలోకి తొక్కు తెచ్చుకుంటామన్నాడు. తొక్కులో పైసలెందుకు అన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు దగ్గర్నుంచి చూశాను. షెడ్డులో ఎవరో అప్పటికే ఆయనకు చెవిలో వేశారని అర్థమైంది, డబ్బు మాట ఎత్తితే క్లెయిమ్ పోతుందని.

మిగతావాళ్లకూ ఆ పాఠం అందింది. శ్రీశైలం పంతులు "దోస్తుగాడు సార్, ఊకెనే తీస్కపోతడు" అన్నాడు. కార్యదర్శి, సూపర్‌వైజరమ్మ కూడా అదే మాట, అదే వరసలో, బడిలో ప్రార్థన చెప్పినట్టు చెప్పారు. ఊకెనే తీస్కపోతడు. పెట్రోల్ ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో నలుగురిని రోజూ ఊరికే తిప్పే ధర్మాత్ముడు కల్వకుర్తిలో ఉన్నాడని నేను రాసుకున్నాను. నిజం చెప్పాలంటే రాసుకుంటూ సంతోషపడ్డాను కూడా. ఆ కుర్రాడి బండి బాగవ్వాలనే నాకు ఉంది.

ఇక మిగిలింది మరియమ్మ. దవాఖాన మంచం మీద, సిమెంటు కట్టుతో ఉంది. యాదగిరి నాతోపాటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా వెనక నుంచి ఆమెకు కళ్లతో ఏదో చెబుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నేను ప్రశ్నను చాలా మెత్తగా, జవాబు అందులోనే పెట్టి అడిగాను. మీరంతా ఒక్క ఊళ్లో పనిచేసేవాళ్లు కాబట్టి ఆయన మిమ్మల్ని ఊరికే ఎక్కించుకుంటాడు కదమ్మా అన్నాను.

ఆమె దిండు మీది నుంచి లేచి కూర్చుంది.

"ఊకెనే ఎందుకెక్కుత సార్? నా వంతు నేను ఏస్త. ఒక్కపూట గూడ ఆపలే."

గుమ్మంలో యాదగిరి, "అక్కా, జర ఆగు," అన్నాడు. ఆమె ఆగలేదు.

"మా అమ్మ పాలమూరు లేబర్ సార్, కూలిపనికి దూరం ఊర్లు పోయేది. మేస్త్రి లారీల ఊకెనే ఎక్కిచ్చుకపోయిండు. తర్వాత కూలి తక్కువిచ్చినా, పానం బాగలేకున్నా, నా లారీల తెచ్చిన గదనే అన్న మాటే. సచ్చేదాక ఆ మాట పడ్డది. నేను ఎవ్వరి బండ్ల ఊకె ఎక్క. ఇది గూడ రాసుకోండ్రి."

రాసుకున్నాను. యాదగిరి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. తల పట్టుకుని, "నాది అయిపోయింది సార్," అని మాత్రం నాతో అన్నాడు. కారు పోతే మళ్లీ ఆ బస్సు, బస్సంటే ఆలస్యం, ఆలస్యమంటే కాంట్రాక్టు పోవడం. కారు కోసం చేసిన అప్పు మాత్రం ఎక్కడికీ పోదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ముగ్గురు చదువుకున్నవాళ్లు హాయిగా అబద్ధమాడి పోతే ఈమెకేం వచ్చిందని. ఆ వెంటనే, ఆడమని నేనే కదా దారి చూపించింది అని తోచి, నా మీద నాకే అసహ్యం కలిగింది.

లేవబోతూ, ఎందుకు అడిగానో తెలియదు, ఇంకొక్క ప్రశ్న అడిగాను. ఆ డబ్బాలో యాదగిరి కూడా వేస్తాడా అని.

మరియమ్మ నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూసింది.

"ఏయకుంటె ఎట్ల సార్? ఆయన గూడ కూసుంటడు గద."

ప్రభాకర్ సార్ వంతు

నేను అందరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఊకెనే తీస్కపోతడన్న ముగ్గురివీ, తన వంతు వేస్తానన్న ఆమెదీ. తర్వాత కార్యదర్శిని, పంతుల్ని మళ్లీ కలిసి, యాదగిరి వంతు సంగతి అడిగితే వాళ్లూ తలవంచుకుని అవునన్నారు. నలుగురు తలా ఇంత వేస్తే నడిపేవాడికి లాభం మిగిలితే అది కిరాయి, నడిపేవాడు కూడా అందరితోపాటు వేసి, ఆ మొత్తం పెట్రోల్ కిందే పోతే అది ఖర్చు పంచుకోవడం, కాబట్టి క్లెయిమ్ ఇవ్వవచ్చు అని రాసి, మహబూబ్‌నగర్ తీసుకుపోయి స్వయంగా ఇచ్చాను.

ప్రభాకర్ సార్ మరియమ్మ మాట దాకా చదివి అక్కడే ఆగిపోయాడు. పండగ వచ్చినట్టుంది ఆయన ముఖం. అవునన్నారుగా, ఇంకేం కావాలి అన్నాడు. డబ్బా పెట్టి వసూలు చేశారంటే అది కండక్టరు సంచి కాక ఇంకేమిటన్నాడు. కండక్టరు తన బస్సులో తను టికెట్టు కొనడు సార్ అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు. నా అభిప్రాయం తీసేసి, వాహనం కిరాయికి తిప్పారని ఒక్క ముక్క రాసుకురమ్మన్నాడు. నేను కుదరదన్నాను. అయితే ఆ అభిప్రాయం కింద తనే వేరుగా రాసుకుంటానన్నాడు. అంటే యాదగిరి పని అయిపోయినట్టే.

అప్పటికి సాయంత్రమైంది. ఆఫీసు కింద కారు హారన్ మోగింది.

ఆ హారన్ సంగతి మీకు చెప్పాలి. ప్రభాకర్ సార్ ఇల్లు హైదరాబాద్‌లో. ఆయనకూ ఒక కారుంది. పెట్రోల్ పెరిగినప్పటి నుంచి అది వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లారులో గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. ఆయన, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు, రోజూ ఒక బ్యాంకు ఆఫీసరు గారి కారులో వచ్చిపోతారు. అందరికీ తెలిసిన సంగతే. ఆ కారుకు పాలసీ చేయించింది కూడా మన ప్రభాకర్ సారే. సొంత వాడకానికే.

నేను ఆయన సంచి అందుకుని మెట్లు దిగాను. బ్యాంకు ఆఫీసరు స్టీరింగ్ దగ్గర కూర్చుని అద్దం దించాడు. ప్రభాకర్ సార్ డోరు మీద చెయ్యి వేశాడు. నేను చాలా వినయంగా, ఈ రోజుల్లో ఇంత దూరం ఊరికే తీసుకుపోయే స్నేహితుడు దొరకడం మీ అదృష్టం సార్ అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. నిజంగా నొచ్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఊరికేనా? ఏం మాట్లాడుతున్నారు పర్వతాలు గారూ? నేనేమైనా అలాంటివాణ్నా? ఎవరి బండిలోనూ ఊరికే ఎక్కే అలవాటు నాకు లేదు. నెల మొదట్లోనే నా వంతు ఇచ్చేస్తాను. కావాలంటే ఈయన్నే అడగండి."

"ముందే ఇచ్చేస్తారండీ," అన్నాడు బ్యాంకు ఆఫీసరు లోపలి నుంచి, స్నేహితుడి పరువు నిలబెడుతూ.

ఆయన సంచి ఆయన చేతికిచ్చాను. ప్రభాకర్ సార్ డోరు సగం తెరిచి అలాగే నిలబడ్డాడు. తనే కనిపెట్టిన ప్రశ్న అది. తను ఇచ్చిన జవాబు తనకే వినబడటానికి కొంచెం సేపు పట్టింది. ఆయన ఒకసారి కారును చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఎక్కండి సార్, చీకటి పడుతుంది అన్నాడు బ్యాంకు ఆయన. ప్రభాకర్ సార్ ఎక్కి, అద్దం పైకి లేపుతూ, ఆ ఫైలు మీద తను ఇంకా ఏమీ రాయలేదని నాతో అన్నాడు.

యాదగిరి క్లెయిమ్ మంజూరైంది. ఖర్చు పంచుకోవడం కిరాయి కిందికి రాదని ప్రభాకర్ సార్ తన చేత్తో, నా రిపోర్టు కంటే మంచి ఇంగ్లిషులో రాశాడు. ఆ తర్వాత ఒక మీటింగులో కొత్త ఆఫీసర్లకు దాని గురించే పాఠం చెప్పాడు. డబ్బులిచ్చారా అని అడగడం తప్పు, నడిపేవాడు కూడా వేశాడా అని అడగాలి, ఈ ప్రశ్న తనకు చాలాకాలంగా ఆలోచనలో ఉంది అన్నాడు. నేను చివరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. పని జరిగినప్పుడు పేరెవరిదైతే ఏమిటి అనే గొప్ప గుణం నాకు లేదు. కొంచెం కడుపు మండింది. అయినా కొట్టాను.

నా వంతు

రిటైరయ్యాక నేనూ నా కారు అమ్మేశాను. బతుకంతా జనాల మైలేజీ పిచ్చిని వెక్కిరించినవాణ్ని, ఫీజులు ఆగిపోగానే నాకు కూడా సైనస్ వచ్చింది. కిటికీ అద్దాలు దించి నలభై మీద నడుపుతుంటే ఒకరోజు వెనక లారీవాడు పెట్టిన చీవాట్లు విని, ఇక చాలనుకున్నాను. గుడ్డ కప్పి ఇంటి ముందు పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. అమరచింత ఎలుకలు గుర్తొచ్చాయి.

మొన్న ఉప్పునుంతలలో మా చెల్లెలి ఇంటికి పోదామని కల్వకుర్తి రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు పాత అలవాటు మానలేదు. ఎంతసేపటికీ రాకపోగా ఒక కారు వచ్చి నా ముందు ఆగింది. ముందు భాగం రంగు, వెనక భాగం రంగు కలవలేదు. ఆ రంగు తేడాకు డబ్బు కోసింది నేనే కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. యాదగిరి నవ్వుతూ ఎక్కండి సార్ అన్నాడు. కార్యదర్శి బదిలీ అయిపోయాడట, సీటు ఖాళీగా ఉంది. శ్రీశైలం పంతులు జరిగి చోటిచ్చాడు. మరియమ్మ ముందు సీట్లో ఉంది. చెయ్యి పూర్తిగా చక్కబడిందని, బరువెత్తితే మాత్రం గుంజుతుందని చెప్పింది.

అరలో కొత్త డబ్బా ఉంది. ఈసారి చింతకాయ తొక్కుది. నేను జేబులో చెయ్యి పెట్టి నోటు తీశాను. యాదగిరి అద్దంలో చూసి బండి పక్కకు ఆపేశాడు.

"మీరు ఇయ్యొద్దు సార్. మీరు లేకుంటె ఈ బండే లేదు. మీ దగ్గర తీస్కుంటె నాకు పాపం తగుల్తది."

నేను నోటు మళ్లీ జేబులో పెట్టుకోలేదు. మరియమ్మ డబ్బా తీసి, మూత విప్పి, వెనక్కి నా ముందుకు చాపింది.

"ఏయనియ్యి తమ్మీ," అంది. "సారు రేపు గూడ ఎక్కాలె గద."

వేశాను. యాదగిరి బండి కదిలించాడు.